వేడి సాంబారు, పల్చటి కవరు: రుజువెంత, అనుమానమెంత

ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అన్నం వేడి చేసుకోవచ్చా? ఈ ప్రశ్న మనకు ఇంటింటా మైక్రోవేవ్ ఓవెన్లున్న దేశాల నుంచి వచ్చింది. అక్కడి పరిశోధనలు కూడా ఎక్కువగా ఆ ఓవెన్ చుట్టూనే సాగాయి. ప్రొద్దుటూరులోనైనా, జమ్మలమడుగులోనైనా, పులివెందులలోనైనా రాత్రి మిగిలిన పులుసును ఇంకా చాలా ఇళ్లలో గ్యాసు పొయ్యి మీదే వెచ్చబెడతారు. గిన్నె స్టీలుదో, అల్యూమినియందో. అలాగని ఈ ప్రశ్న మనకు సంబంధం లేనిదేం కాదు. ఇక్కడ ప్లాస్టిక్‌కూ వేడికీ ముడి పడేది వంటింట్లో కన్నా టిఫిను అంగడి దగ్గర. కుతకుతలాడే సాంబారును గరిటెతో ఎత్తి పల్చటి కవరులో పోసి, మూతి మెలిపెట్టి ముడేసి చేతికిస్తారు. ఉగ్గానికి తోడుగా ఇచ్చే మిరపకాయ బజ్జీ నూనెలోంచి తీసిన నిమిషంలోనే కవరులో పడుతుంది. బజారులో అంగడి వాళ్లకు గంటగంటకూ వచ్చే టీ పేపరు కప్పులో వస్తుంది. ఆ కప్పు లోపలి గోడకున్నది కూడా ప్లాస్టిక్ పొరే. కాబట్టి మన ఊళ్ల వరకూ అడగాల్సింది వేడి చేయడం గురించి కాదు, వేడివేడిది పోయడం గురించి.

దీని మీద రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ప్లాస్టిక్‌లో తింటే క్యాన్సర్ ఖాయమని ఫోన్లలో తిరిగే సందేశాలు ఒకవైపు. ఇరవై ఏళ్లుగా తింటున్నాం, ఏమైందని అడిగే హోటలు యజమాని ఇంకోవైపు. రెండింటికీ రుజువు చాలదు. ఉన్న రుజువు ఏమిటో, అది ఎంతదూరం వస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో చూద్దాం.

ప్లాస్టిక్ అన్నది ఒక్క పదార్థం కాదు. నీళ్ల సీసా పెట్, పల్చటి కవరు పాలిథీన్, టిఫిను డబ్బా ఎక్కువగా పాలిప్రొపిలీన్, గట్టిగా గాజులా మెరిసే ఇరవై లీటర్ల క్యాన్లలో చాలావరకు పాలికార్బొనేట్. డబ్బా అడుగున త్రికోణంలో ఉండే అంకె ఈ రకాన్నే చెబుతుంది. 1 పెట్, 2, 4 పాలిథీన్, 3 పీవీసీ, 5 పాలిప్రొపిలీన్, 6 పాలిస్టైరీన్, మిగతావన్నీ 7. చాలామంది దాన్ని నాణ్యతకు వేసిన మార్కులనుకుంటారు. అది రీసైక్లింగ్ కోసం పెట్టిన గుర్తు మాత్రమే, వేడికి తట్టుకుంటుందన్న హామీ కాదు.

ప్లాస్టిక్ తయారీలో పొడవాటి అణు గొలుసులతో పాటు మెత్తదనానికీ, రంగుకూ, ఎండకు పెళుసెక్కకుండా ఉండటానికీ ఏవేవో కలుపుతారు. తయారీలో వాడిన ఉత్ప్రేరకం కొద్దిగా మిగులుతుంది. గొలుసులో చేరని చిన్న అణువులూ మిగులుతాయి. ఇవన్నీ కొద్దికొద్దిగా ఆహారంలోకి దిగుతాయి. ఇందులో వాదానికి చోటు లేదు. ఎంత దిగుతాయన్నది నాలుగు సంగతుల మీద ఆధారపడుతుంది: వేడి, సమయం, నూనె, పులుపు. మన పళ్లెంలోకి చూసుకుంటే సంగటిలోకి చింతపండు పులుసు, దోసె మీద ఎర్రకారం, దేంట్లోనైనా చెనిక్కాయ నూనె. ఈ నాలుగింటిలో రెండు మన వంటలోనే ఉన్నాయి. మూడోది, అంటే వేడి, హోటలు వాడు కలుపుతున్నాడు.

వేడి సంగతి కొంచెం నిదానంగా చూడాలి. 2008లో అమెరికాలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు పెట్ సీసాల్లోని నీళ్లను పరీక్షించారు. అరిజోనా ఎడారి ప్రాంతం, ఎండలు మన కడప ఎండలకు ఏమాత్రం తీసిపోవు. పెట్ తయారీలో వాడే యాంటిమొనీ అనే లోహం నీళ్లలోకి ఎంత దిగుతుందన్నది వాళ్ల ప్రశ్న. తాగునీటిలో లీటరుకు 6 మైక్రోగ్రాములకు మించకూడదని అమెరికా నియమం. సీసాను 60 డిగ్రీల వేడిలో ఉంచితే ఆ హద్దు దాటడానికి 176 రోజులు పడుతుందని వాళ్ల లెక్కలో తేలింది. 70 డిగ్రీల దగ్గర 12 రోజులు. 80 దగ్గర రెండు రోజుల చిల్లర. 85 దగ్గర ఒక రోజు మీద కొన్ని గంటలు. పెరిగింది పాతిక డిగ్రీలే, గడువు మాత్రం నూట ముప్పై అయిదో వంతుకు పడిపోయింది.

ఈ లెక్కను రెండు వైపుల నుంచీ చదవాలి. మే నెలలో ప్రొద్దుటూరులో నీడపట్టున 44 డిగ్రీలున్నా, అంగట్లో వరసగా పెట్టిన నీళ్ల సీసా ఈ ఒక్క లోహం విషయంలో విషమైపోదు. తలుపులు మూసి ఎండలో నిలిపిన కారులో వేడి 60 తాకినా, అదే వేడి నెలల తరబడి ఆగకుండా ఉండాలి. కారులో మరిచిపోయిన సీసా నీళ్లు తాగి ఎవరికో క్యాన్సర్ వచ్చిందన్న సందేశం ఈ రుజువు ముందు నిలబడదు. కానీ అదే లెక్క ఇంకో మాటా చెబుతోంది. ఎండ వేడి వేరు, పొయ్యి వేడి వేరు. 44 నుంచి 90కి పోవడమంటే రెట్టింపు ప్రమాదం కాదు, అంతకు ఎన్నో రెట్లు. సాంబారు కవరు పెట్ కాదు, దాంట్లో యాంటిమొనీ ఉండాల్సిన పని లేదు. అయినా వేడి పెరిగేకొద్దీ పదార్థాలు దిగే వేగం ఇలా నిట్టనిలువుగా పెరగడం అన్ని ప్లాస్టిక్‌లకూ ఉన్న స్వభావమే, నిలువు ఎంతన్నదే తేడా.

ఇరవై లీటర్ల క్యాను దగ్గరా ఇదే కనిపిస్తుంది. ఫ్లోరైడ్ భయం ఉన్న మెట్ట గ్రామాలకు ఆ క్యాన్ తప్పనిసరైపోయింది. పాలికార్బొనేట్ తయారీకి వాడే బిస్‌ఫినాల్ ఏ, పొట్టిగా బీపీఏ, శరీరంలో ఈస్ట్రోజన్ హార్మోను వేషం వేయగలదు. 2008లోనే సిన్సినాటి విశ్వవిద్యాలయం వారు కొత్త పాలికార్బొనేట్ సీసాలనూ, ఏళ్ల తరబడి వాడిన సీసాలనూ పక్కపక్కన పెట్టి చూశారు. చల్లటి నీళ్లు పోసినప్పుడు పాతదానికీ కొత్తదానికీ పెద్ద తేడా లేదు. మరిగిన నీళ్లు పోస్తే మాత్రం బీపీఏ 15 నుంచి 55 రెట్ల వేగంతో దిగింది. మరుసటి ఏడాది హార్వర్డ్‌లో 77 మంది విద్యార్థుల చేత వారం రోజులు అలాంటి సీసాల్లో చల్లటి పానీయాలే తాగించారు. వాళ్ల మూత్రంలో బీపీఏ 69 శాతం పెరిగింది. కాబట్టి క్యాను నీళ్లు తాగితే బీపీఏ అసలే రాదని చెప్పలేం. వస్తుంది. క్యానును వేడినీళ్లతో కడిగితే, కాచిన నీళ్లు దాంట్లో నింపితే ఇంకా ఎక్కువ వస్తుంది. ఇంటికొచ్చిన నీళ్లను అదే రోజు స్టీలు బిందెలోకి మార్చుకోవడానికి ఖర్చేమీ లేదు.

ఇక్కడ అంగళ్ల మాట ఒకటి చెప్పాలి. ప్లాస్టిక్ టిఫిను డబ్బాల మీద "బీపీఏ లేదు" అని పెద్ద అక్షరాలతో వేసి ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. డబ్బా పాలిప్రొపిలీన్‌దైతే దాని తయారీలో బీపీఏకు మొదటి నుంచీ పనే లేదు. లేని దోషాన్ని తీసేశామని చెప్పి దండుకునే డబ్బు అది.

రేణువుల లెక్క

ఈ పదేళ్లలో చర్చ రసాయనాల మీద నుంచి రేణువుల మీదికి మళ్లింది. 2020లో డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ వారు పాలిప్రొపిలీన్ పాలసీసాలను పరీక్షించి 'నేచర్ ఫుడ్' పత్రికలో ఫలితాలు వేశారు. 25 డిగ్రీల నీళ్లు పోసినప్పుడు లీటరుకు ఆరు లక్షల రేణువులు, 95 డిగ్రీల నీళ్లు పోసినప్పుడు ఐదున్నర కోట్లు. మళ్లీ వేడే. 2023లో అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయం వారు పిల్లల ఆహారపు డబ్బాలను మైక్రోవేవ్‌లో మూడు నిమిషాలు పెట్టారు. కొన్ని డబ్బాల్లో చదరపు సెంటీమీటరు మేర నుంచి 42 లక్షల మైక్రోప్లాస్టిక్ రేణువులూ, 211 కోట్ల నానో రేణువులూ విడిపోయాయని రాశారు. ప్రపంచమంతా పత్రికల శీర్షికలకెక్కింది ఈ 211 కోట్ల అంకే.

కోట్లని వినగానే గుండె జారుతుంది. లెక్క వేసి చూడండి. ఒక్కో నానో రేణువు వంద నానోమీటర్ల గుండ్రటి పూస అనుకుంటే, 211 కోట్ల పూసల బరువు మొత్తం కలిపి ఇంచుమించు ఒక మైక్రోగ్రాము, అంటే గ్రాములో పదిలక్షలవ వంతు. బరువు తక్కువ కాబట్టి భయం లేదనడం కూడా తొందరే. ఇంత చిన్న రేణువులు పేగు గోడ దాటిపోగలవా అన్న ప్రశ్నకు బరువు జవాబు చెప్పదు. అదే నెబ్రాస్కా పరిశోధనలో మూత్రపిండ కణాల మీద ఈ రేణువులను వేస్తే నాలుగింట మూడొంతుల కణాలు చచ్చిపోయాయి. శీర్షికలు ఈ మాట చెప్పాయి గానీ మోతాదు చెప్పలేదు. మిల్లీలీటరుకు 1000 మైక్రోగ్రాములు వేశారు. తినే మనిషి శరీరంలో ఆ మోతాదు ఏ అవయవం దగ్గరా పోగుపడినట్టు ఆ పరిశోధన చూపలేదు. కణాలను చంపగలదన్న సంగతి మాత్రమే అది చూపింది.

మన పరిస్థితికి దగ్గరగా వచ్చే పరిశోధన ఖరగ్‌పూర్ ఐఐటీది. అక్కడి సివిల్ ఇంజినీరింగ్ ఆచార్యురాలు సుధా గోయల్, ఆమె బృందం 2020లో పేపరు కప్పులను పరీక్షించారు. 85 నుంచి 90 డిగ్రీల నీళ్లు వంద మిల్లీలీటర్లు పోసి పదిహేను నిమిషాలు ఉంచారు. సుమారు 25,000 మైక్రోప్లాస్టిక్ రేణువులు నీళ్లలో చేరాయి. రోజుకు మూడు కప్పులు తాగేవాళ్లు 75,000 మింగుతున్నారని వాళ్ల లెక్క. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో, బట్టల కొట్లలో పనిచేసేవాళ్లు మూడు కప్పులతో ఆగరు. అయితే టీని పదిహేను నిమిషాలు నానబెట్టుకుని తాగేవాళ్లూ అరుదే కాబట్టి ఈ అంకెను మక్కీకి మక్కీ వాళ్లకు అంటగట్టకూడదు. ప్లాస్టిక్ కప్పులు నిషేధించాక వాటి చోట్లోకి పేపరు కప్పులు వచ్చాయి గానీ వాటితోపాటు లోపలి ప్లాస్టిక్ పొర కూడా వచ్చేసింది. గాజు గ్లాసు కడిగే పని తప్పించుకోవడానికి కడుతున్న మూల్యమిది.

హాని ఎంత?

ఇంతవరకూ చెప్పినవి కొలిచిన సంగతులు. దిగుతున్నాయి, వేడికి ఎక్కువ దిగుతున్నాయి. అక్కడి నుంచి ముందుకు, అంటే మనిషికి హాని ఎంత అన్న దగ్గరకు వచ్చేసరికి నేల మెత్తబడుతుంది.

2024 మార్చిలో ఇటలీ వైద్యులు ఒక పరిశోధనను న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించారు. మెడ రక్తనాళంలో పేరుకున్న కొవ్వును ఆపరేషన్ చేసి తీసిన రోగుల్లో 257 మందిని దాదాపు మూడేళ్లు గమనించారు. వాళ్లలో 150 మంది కొవ్వు పొరల్లో పాలిథీన్ కనిపించింది. మన కవర్లు తయారయ్యే పదార్థమే అది. ప్లాస్టిక్ కనిపించినవాళ్లలో గుండెపోటో, పక్షవాతమో, మరణమో సంభవించే అవకాశం లేనివాళ్ల కంటే నాలుగున్నర రెట్లు ఎక్కువగా తేలింది. తేలికగా కొట్టిపారేయదగ్గ ఫలితం కాదు. అలాగని ప్లాస్టిక్ వల్లే గుండెపోటు వచ్చిందని ఆ వైద్యులు కూడా అనలేదు. ఆ రేణువులు కూరలోంచి వచ్చాయో, నీళ్లలోంచి వచ్చాయో, పీల్చిన గాలిలోంచి వచ్చాయో ఆ పరీక్షలో తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ చూసి, ఆరోగ్యానికి ప్రమాదం ఎంతో తేల్చడానికి ఆధారాలు చాలవని చెప్పింది. ప్రమాదం లేదని చెప్పలేదు. ఈ రెండు వాక్యాల మధ్య తేడాను ప్లాస్టిక్ అమ్మేవాళ్లూ, భయం అమ్మేవాళ్లూ ఇద్దరూ చెరిపేస్తుంటారు.

బీపీఏ విషయంలో పండితుల మధ్యే పేచీ ఉంది. మనిషి బరువులో కిలోకు రోజుకు 0.2 నానోగ్రాములకు మించి వద్దని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో అంది. 2015లో అదే సంస్థ పెట్టిన హద్దు కంటే ఇది ఇరవై వేల రెట్లు తక్కువ. జర్మనీ ప్రభుత్వ సంస్థ ఒప్పుకోలేదు. 200 నానోగ్రాములు చాలునంది. ఒకే పరిశోధనలను చదివిన రెండు పేరున్న సంస్థల మధ్య వెయ్యి రెట్ల తేడా. చివరికి ఐరోపా సమాఖ్య జాగ్రత్త వైపే మొగ్గి, ఆహారానికి తగిలే వస్తువుల్లో బీపీఏను నిషేధించే నియమాన్ని 2024 డిసెంబరులో ఖరారు చేసింది.

పరిశోధకుల లెక్క తప్పడమూ ఉంటుంది. నల్ల ప్లాస్టిక్ గరిటెల్లో పాత ఎలక్ట్రానిక్ సామాన్ల నుంచి వచ్చిన మంట నిరోధక రసాయనాలున్నాయని 2024లో అమెరికాలో ఒక పరిశోధన వచ్చింది. జనం గరిటెలు పారేశారు. ఆ తర్వాత గుణకారంలో ఒక సున్నా జారిపోయిందని బయటపడింది. 60 కిలోల మనిషికి రోజుకు 4,20,000 నానోగ్రాములు అని రావాల్సిన హద్దు 42,000 అని పడింది. రసాయనం ఉందన్నది నిజమే, హద్దుకు చేరువలో ఉందన్నది నిజం కాదు. బిర్యానీ పార్శిళ్లు వచ్చే నల్ల డబ్బాలను చూసి ఈ వార్తను గుర్తు చేసుకునేవాళ్లు ఆ సవరణను కూడా గుర్తు పెట్టుకోవాలి.

చట్టం ఏమంటుందో రెండు ముక్కల్లో. ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 ప్యాకేజింగ్ నిబంధనలు 2019 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ప్లాస్టిక్ నుంచి ఆహారంలోకి దిగేది మొత్తం కిలోకు 60 మిల్లీగ్రాములు దాటకూడదు. తినేవాటిని వార్తాపత్రికల్లో చుట్టడం తప్పు. క్యారీబ్యాగుల మందం 120 మైక్రాన్ల కంటే తక్కువ ఉండకూడదని 2022 డిసెంబరు 31 నుంచి ఇంకో నియమం. ఈ మందం నియమం చెత్త తగ్గించడానికి పెట్టింది, దాన్ని ఆహార భద్రతకు ముద్రగా చూడకూడదు. ఇక కవరు కరగలేదు కాబట్టి మంచిదేనన్న మాట. పల్చటి పాలిథీన్ సుమారు 105 నుంచి 115 డిగ్రీల మధ్య కరుగుతుంది, సాంబారు మరిగేది నూరు దగ్గర. కరగకుండా మెత్తబడే చోటే సాంబారు ఆగుతోంది. బజ్జీ నూనె వేడి 170 దాటుతుంది. కవరుకు అంటుకుని చిల్లి పడ్డ బజ్జీని చూడనివాళ్లు మన ఊళ్లలో ఉండరు.

అన్నీ పారేయాలా?

అక్కర్లేదు. బియ్యం, బొరుగులు, బేడలు, చక్కెర వంటి పొడి సరుకులు ప్లాస్టిక్ డబ్బాలో ఉంటే వచ్చే నష్టానికి గట్టి రుజువేమీ లేదు. చల్లారిన అన్నాన్ని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోవడమూ తక్కువ అనుమానం ఉన్న పనే. పైగా ప్లాస్టిక్ భయంతో అన్నాన్ని బయటే వదిలేస్తే అసలు ప్రమాదం అక్కడుంది. కడప ఎండల్లో వండిన అన్నం గంటల తరబడి బయట ఉంటే బాసిల్లస్ సెరియస్ అనే బాక్టీరియా పెరిగి విషం తయారు చేస్తుంది. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. వాంతులు ఆ రోజే వస్తాయి, దానికి పరిశోధన పత్రిక అక్కర్లేదు.

ఊరగాయ మాత్రం వేరే లెక్క. నూనె, పులుపు, ఉప్పు, ఏడాది గడువు. వేడి ఒక్కటి తప్ప పదార్థాలు దిగడానికి కావలసినవన్నీ అందులో ఉన్నాయి. పాత పెయింటు డబ్బాల్లోనో, కూల్‌డ్రింకు సీసాల్లోనో నింపి అమ్మే ఊరగాయ కొనకండి. ఇంట్లో జాడీ ఉంటే అటకమీంచి దించండి. పురుగుమందు డబ్బాను ఎంత కడిగినా తోటలోకి తాగే నీళ్లు మోయడానికి వాడకూడదని చెప్పాల్సి రావడం బాధే. పులివెందుల వైపు చీనీ తోటల్లో కూలికి పోయేవాళ్లకు ఈ మాట ఎవరో ఒకరు చెప్పాలి.

బదులుగా ఏది వాడినా కళ్లు మూసుకుని వాడకూడదు. అల్యూమినియం డబ్బాలో చింతపండు పులుసు నిలవ ఉంచితే లోహం దిగుతుంది. కళాయి పోయించని ఇత్తడిలో పులుసు వండకూడదని పెద్దవాళ్లు రసాయన శాస్త్రం చదవకుండానే తెలుసుకున్నారు. స్టీలూ, గాజూ ఈ తగాదాకు దూరంగా ఉన్నాయి. అరటాకు కూడా. పులివెందుల చుట్టూ ఎకరాలకెకరాలు అరటి తోటలున్నా, ఊళ్లో హోటలు పార్శిల్ విప్పితే లోపల అరటాకు బొమ్మ అచ్చేసిన ప్లాస్టిక్ కాగితం కనిపించడం వింతే.

కాబట్టి నా తీర్పు ఇది. ప్లాస్టిక్ డబ్బా ఉన్నంత మాత్రాన ఇంట్లో విషం ఉన్నట్టు కాదు. వేడిగా, నూనెగా, పుల్లగా ఉన్నదాన్ని పల్చటి ప్లాస్టిక్‌లో పోయడానికి మాత్రం సమర్థన లేదు. హాని పూర్తిగా రుజువు కాకపోయినా, మానుకోవడానికి అయ్యే ఖర్చు ఒక స్టీలు క్యారియరు. గర్భిణులూ, పాలు తాగే పిల్లలూ ఉన్న ఇళ్లలో ఈ జాగ్రత్త ఇంకా ముందు రావాలి. పాలసీసాలో మరిగే నీళ్లు పోసి పాలపొడి కలపకండి. నీళ్లు వేరే గిన్నెలో కాచి, పాలు అందులోనే కలిపి, గోరువెచ్చగా అయ్యాక సీసాలోకి పోయండి.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల టిఫిను హోటళ్ల వాళ్లకు ఒక మనవి. క్యారియరు తెచ్చినవాళ్లకు గరిటె సాంబారు ఎక్కువ పోయండి. కవరు ఖర్చు మీకు మిగులుతుంది. ఆహార తనిఖీ అధికారులకు ఇంకొకటి. సాంబారు నమూనా పట్టుకెళ్లేటప్పుడు అది పోసిన కవరును కూడా పట్టుకెళ్లండి. గది వేడిలో కాకుండా 90 డిగ్రీల దగ్గర పరీక్ష చేయించి, వచ్చిన అంకెను మునిసిపల్ ఆఫీసు బోర్డు మీద రాయించండి.